మాట మోసిన కొండలు

ఆదివాసీ తిరుగుబాట్ల గురించి చదివేటప్పుడు మనం నాయకుల పేర్లు గుర్తుపెట్టుకుంటాం, ఏ ఏడాది జరిగిందో గుర్తుపెట్టుకుంటాం. వార్త ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి ఎలా చేరిందని మాత్రం పెద్దగా అడగం. 1910లో బస్తర్‌లో భూంకాల్ లేచినప్పుడు గుండాధుర్ పేరుతో పాటు ఊరూరా తిరిగింది ఒక మామిడి కొమ్మ. దానితో ఎర్ర మిరపకాయలు, మట్టిముద్ద, బాణం కూడా వెళ్ళేవి. కొమ్మ అందుకున్న ఊరు దాన్ని దాచుకోకూడదు, పక్క ఊరికి చేర్చాలి. అంతకు ముందు 1855లో సంతాల్ హూల్ కాలంలో సాల కొమ్మ కూడా అలాగే ఊరు దాటి ఊరు నడిచింది. అప్పట్లో రోడ్లు తెల్లదొరలవి, టెలిగ్రాఫ్ తీగలు తెల్లదొరలవి. మన వార్తను మోసింది మన కాళ్ళే.

అందుకున్న మాటను తన దగ్గర ఆపుకోకుండా ముందుకు పంపే పనిని ఇప్పుడు ఒక యంత్రం కూడా చేస్తోంది. కొండ మీద కూర్చుని, లోయలోంచి వచ్చిన బలహీనమైన గొంతును పట్టుకుని, బలంగా చుట్టూ వినిపించే ఆ యంత్రాన్ని రిపీటరు అంటారు. దాని చరిత్రను, దాన్ని కాపాడుకునే పనిని మన పిల్లలకు చెప్పాలని ఈ వ్యాసం రాస్తున్నాం. దీని వెనక మాకొక ప్రశ్న ఉంది. మన కొండల మీద టవర్లు లేస్తున్నాయి. సిమెంటు బస్తాలు, ఇనుప కోణాలు మోసి పైకి చేర్చేది మనవాళ్ళు. తర్వాత కాపలా ఉండేదీ మనవాళ్ళే. తలుపు లోపల ఉన్న యంత్రం ఎలా పనిచేస్తుందో, అది ఆగితే ఏం చేయాలో తెలిసినవాళ్ళు మనలో ఎంతమంది?

హాం రేడియో కథ

జీతం కోసం కాకుండా, వ్యాపారం కోసం కాకుండా, నేర్చుకోవడానికీ ఆపదలో సాయపడటానికీ రేడియో సెట్టు నడిపేవాళ్ళను హాంలు అంటారు. ఇది దొంగచాటు పని కాదు. ప్రభుత్వం పరీక్ష పెట్టి లైసెన్సు ఇస్తుంది, ఒక్కొక్కరికి ఒక పిలుపు గుర్తు ఇస్తుంది. మన దేశంలో మొదటి హాంగా 1921 నాటి అమరేంద్ర చంద్ర గుప్తు పేరు చెబుతారు. ఆయన గుర్తు 2 జె.కె. 1939లో రెండో ప్రపంచ యుద్ధం మొదలవగానే బ్రిటిష్ ప్రభుత్వం హాంల లైసెన్సులు రద్దు చేసింది. మాట్లాడే యంత్రం ప్రజల చేతిలో ఉంటే పాలకులకు ఎంత భయమో దీన్నిబట్టి తెలుస్తుంది. 1942లో బొంబాయిలో ఉషా మెహతా, ఆమె మిత్రులు రహస్యంగా కాంగ్రెస్ రేడియో నడిపినప్పుడు పోలీసుల కళ్ళు కప్పడానికి సెట్టును ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి మారుస్తూ వచ్చారు. దాదాపు మూడు నెలలు నడిచాక పట్టుబడ్డారు.

స్వాతంత్ర్యం వచ్చాక హాంలు మళ్ళీ గాలిలోకి వచ్చారు. 1983లో హైదరాబాద్‌లో జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ ఏర్పడింది. దాంతో తెలుగు ప్రాంతంలో శిక్షణకు ఒక చోటు దొరికింది.

రిపీటరు కథ మాత్రం అమెరికాలో మొదలైంది. 1950ల్లో కాలిఫోర్నియాలో ఆర్ట్ జెంట్రీ అనే హాం లాస్ ఏంజెలెస్ పక్కన మౌంట్ లీ కొండ మీద ఒక రిపీటరు నడిపాడు. దాని గుర్తు కె 6 ఎం వై కె. హాలీవుడ్ అని పెద్ద తెల్ల అక్షరాలున్న కొండను మన పిల్లలు సినిమాల్లో చూసే ఉంటారు. ఆ కొండే ఇది. దాని చుట్టూ ఉన్న నేల అంతకు ముందు టోంగ్వా ఆదివాసులది. ఈ సంగతి రేడియో పుస్తకాల్లో ఉండదు కాబట్టి మనం చెప్పుకోవాలి.

కొండే ఎందుకు?

హాంలు చేతి సెట్లలో ఎక్కువగా వాడే తరంగాలు మన దేశంలో 144 నుంచి 146 మెగాహెర్ట్జ్ మధ్య ఉంటాయి. ఇవి దాదాపు చూపులాగా తిన్నగా పోతాయి. అడ్డంగా కొండ ఉంటే అవతలికి చేరవు. నేల గుండ్రంగా ఉంది కాబట్టి అడ్డం ఏదీ లేకపోయినా కొంత దూరం తర్వాత అందవు.

ఆ దూరాన్ని లెక్కకట్టడం ఎనిమిదో తరగతి పిల్లలకు కూడా వస్తుంది. ఎత్తును మీటర్లలో తీసుకుని దాని వర్గమూలాన్ని 4.12తో గుణిస్తే కిలోమీటర్లు వస్తాయి. నిలబడ్డ మనిషి చేతిలోని సెట్టు ఎత్తు మీటరున్నర అనుకుంటే దాని చూపు 5 కిలోమీటర్లు. చుట్టూ ఉన్న నేల కంటే 100 మీటర్ల ఎత్తున్న గుట్టకు 41 కిలోమీటర్లు. 400 మీటర్లకు 82, 900 మీటర్లకు 123 కిలోమీటర్లు దాటుతుంది. ఎత్తు నాలుగింతలు చేస్తే దూరం రెండింతలే అవుతుందని పిల్లలు వాళ్ళంతట వాళ్ళే కనిపెడతారు. బడిలో ఈ లెక్క చేయించి, తర్వాత మన ఊరి చుట్టూ ఉన్న కొండల పేర్లు రాయించి, ఏ కొండకు ఏ సంత కనిపిస్తుందో అడిగితే గణితమూ భూగోళమూ ఒకే రోజు వస్తాయి.

లోయలో ఇద్దరు మనుషులు. మధ్యలో కొండ. ఇద్దరికీ ఒకరి మాట ఒకరికి అందదు, కానీ ఇద్దరికీ కొండ కొన కనిపిస్తుంది. రిపీటరు అక్కడ కూర్చుంటుంది. ఒక తరంగం మీద వింటూనే, అదే క్షణంలో ఇంకో తరంగం మీద అదే మాటను పంపుతుంది. ఈ రెంటి మధ్య తేడా మామూలుగా 0.6 మెగాహెర్ట్జ్ మాత్రమే.

కష్టమంతా ఇక్కడే ఉంది. లోయలోంచి వచ్చే గొంతు వోల్టులో పదిలక్షల వంతు కూడా ఉండకపోవచ్చు. పక్కనే అదే పెట్టెలోని ట్రాన్స్‌మిటరు ముప్పై, నలభై వాట్లతో అరుస్తూ ఉంటుంది. డప్పు కొడుతున్నవాడి చెవిలో గుసగుస చెబితే ఎలా వినిపిస్తుంది? దానికి డూప్లెక్సర్ అనే పరికరం ఉంటుంది. పొడుగాటి లోహపు డబ్బాల వరుస అది. ఒక్కో డబ్బాను ఒక్కో తరంగానికి సరిపోయేలా సరిచేసి ఉంచుతారు. పంపే గొంతు వినే చెవిలోకి దూరకుండా అవి అడ్డుకుంటాయి. అందువల్లే ఒక్క యాంటెన్నాతో రెండు పనులూ జరుగుతాయి.

ఎక్కించడం ఒకనాడు, నిలబెట్టడం ఏళ్ళు

రిపీటరు ప్రారంభించిన రోజున ఫొటోలు తీసుకుంటారు. అసలు కథ మరుసటి వానాకాలంలో మొదలవుతుంది.

మొదట కరెంటు. కొండ కొనకు తీగ వచ్చే చోట్లు తక్కువ. వచ్చినా గాలివానకు ముందు తెగేది అదే. అందుకని సోలార్ పలకలు, 12 వోల్టుల బ్యాటరీలు పెడతారు. రిపీటరు ఊరికే వింటున్నప్పుడు తక్కువ కరెంటే తింటుంది. మాట పంపుతున్నప్పుడు ఎనిమిది, పది ఆంపియర్ల దాకా లాగుతుంది. 100 ఆంపియర్ గంటల బ్యాటరీ ఉంటే, ఎండ లేని రోజుల్లో, మొత్తం కలిపి పది గంటల మాట మాత్రమే చేతిలో ఉన్నట్టు. నిజానికి అంతా ఖాళీ చేస్తే బ్యాటరీ పాడవుతుంది కాబట్టి అందులో సగమే మనది అనుకోవాలి. అందుకే రిపీటరు మీద క్లుప్తంగా మాట్లాడటం మర్యాద. ఒకే మనిషి ఆపకుండా మాట్లాడుతుంటే కొన్ని నిమిషాలకు దానంతట అదే గొంతు ఆపేసే గడియారం కూడా అందులో ఉంటుంది.

బ్యాటరీని చూసుకునే మనిషికి మీటరు చదవడం రావాలి. కాసేపు వాడకుండా ఉంచి చూస్తే నిండు బ్యాటరీ 12.7 వోల్టుల దగ్గర ఉంటుంది. 12కు దిగిందంటే దాదాపు ఖాళీ. నీళ్ళు పోసే రకమైతే డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయాలి, గెడ్డ నీళ్ళు పోయకూడదు. చివర్ల మీద పేరుకున్న తెల్ల పొడిని తుడవాలి. సోలార్ పలక మీద ఆకులు, పక్షుల రెట్ట, దుమ్ము తీయాలి. ఏడాదిలో పెరిగిన కొమ్మ నీడ పలక మీద పడుతోందేమో చూడాలి. చిన్న మూల మీద నీడ పడినా వచ్చే కరెంటు బాగా పడిపోతుంది.

తర్వాత నీళ్ళు. యాంటెన్నా నుంచి దిగే నల్ల కేబులుకు అతుకు దగ్గర నీరు దిగితే లోపలి రాగి పచ్చబడుతుంది, మాట బలం తగ్గుతుంది. బయటికి ఏమీ కనిపించదు. అందుకే అతుకును రబ్బరు టేపుతో గట్టిగా చుడతారు. కేబులు గదిలోకి పోయే ముందు కిందికి ఒక వంపు ఇస్తారు. వాన నీరు ఆ వంపు దగ్గర కారిపోతుంది, గోడ కన్నంలోంచి లోపలికి రాదు. పూరింటి చూరు నీటిని ఎటు జార్చాలో తెలిసిన మనవాళ్ళకు ఇది ఒకసారి చూపిస్తే చాలు.

తర్వాత పిడుగు. చుట్టుపక్కల అన్నిటికంటే ఎత్తయిన చోట ఇనుప స్తంభం నిలబెట్టాం కాబట్టి అది పిడుగును పిలుస్తున్నట్టే. స్తంభానికి, కేబులు పై తొడుగుకు, గదిలోని పెట్టెకు అన్నిటికీ ఒకే ఎర్తు ఉండాలి. మైదానంలో గొయ్యి తవ్వి బొగ్గు, ఉప్పు వేసి ఎర్తు చేస్తారు. కొండ కొనలో అడుగు తవ్వితే రాయి తగులుతుంది. అప్పుడు లోహపు పట్టీలను నాలుగు వైపులా దూరంగా పరిచి, మట్టి దొరికిన ప్రతి పగులులోకీ దించాలి. ఏ వైపు మట్టి లోతుగా ఉందో, ఎక్కడ ఊట తడి ఎండాకాలంలోనూ ఆరదో చెప్పగలిగేది ఇంజినీరు కాదు, ఆ కొండ మీద మేకలు కాసిన మనిషి.

తర్వాత జీవాలు. ఎలుకలు కేబులు కొరుకుతాయి. చీమలు వెచ్చగా ఉన్న పెట్టెలో చేరతాయి. కందిరీగలు స్తంభం మీద తుట్టె పెడతాయి. గది తలుపు తెరిచేటప్పుడు పాము ఉండొచ్చని అనుకుని తెరవాలి. కన్నాలకు సన్నని ఇనుప వల కొడితే సగం బాధ తీరుతుంది.

చివరిగా మనిషి. స్తంభం ఎక్కేవాడు నడుముకు బెల్టు కట్టుకోవాలి. ఒంటరిగా ఎక్కకూడదు. ఎక్కే ముందు ట్రాన్స్‌మిటరు ఆపాలి. ఉరుము వినిపిస్తే దిగిపోవాలి. గాలికి స్తంభాన్ని పట్టి ఉంచే తీగలకు తుప్పు పట్టిందేమో, బిగువు సడలిందేమో చూడాలి. డూప్లెక్సర్ మరలను మాత్రం కొలిచే పరికరం లేకుండా తిప్పకూడదు. ఒక్క చుట్టు తిప్పితే రిపీటరుకు చెవుడు వస్తుంది. ఎక్కిన ప్రతిసారీ తేదీ, బ్యాటరీ వోల్టులు, చేసిన పని, మార్చిన వస్తువు నోటుపుస్తకంలో రాయాలి. ఆ పుస్తకం లేకపోతే తర్వాత వచ్చినవాడు మళ్ళీ మొదటి నుంచి వెతుక్కోవాలి.

ఇందులో పెద్ద చదువు అవసరమైన పని కొంతే. మిగతాదంతా క్రమం తప్పకుండా కొండెక్కడం. దూరపు పట్నంలో ఉన్నవాడికి అదే అన్నిటికంటే కష్టం. కొండ కింద ఉన్నవాడికి అది సగం పూట నడక.

తుపాను నేర్పిన పాఠం

1999 అక్టోబరు 29న ఒడిశాను మహా తుపాను కొట్టినప్పుడు, 2001 జనవరి 26న గుజరాత్‌లో భూకంపం వచ్చినప్పుడు టెలిఫోన్లు పోయాయి, హాంలు సెట్లతో వెళ్ళారు. 2004 డిసెంబరులో హైదరాబాద్ సంస్థకు చెందిన భారతీ ప్రసాద్ ఆధ్వర్యంలో ఒక హాం బృందం అండమాన్‌లోని పోర్ట్ బ్లెయిర్‌లో ఉంది. దూరదేశాల హాంలతో మాట్లాడే సరదా కార్యక్రమం కోసం వాళ్ళు అక్కడికి వెళ్ళారు. డిసెంబరు 26న సునామీ వచ్చింది. ఆ రోజు నుంచి వాళ్ళ సెట్టు ద్వీపాల క్షేమ సమాచారాన్ని దేశానికి చేరవేసే పనిలో పడింది. ఎక్కువ దెబ్బతిన్న కార్ నికోబార్ నికోబారీ ఆదివాసుల ద్వీపం. అక్కడికీ హాంలు వెళ్ళారు. అవి కొండ మీది రిపీటర్లు కావు, వేల కిలోమీటర్లు పోయే వేరే తరంగాల సెట్లు. కానీ పాఠం ఒక్కటే. పెద్ద వ్యవస్థ కూలినప్పుడు చిన్న సెట్టు, దాన్ని నడపడం వచ్చిన మనిషి మిగులుతారు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటింది. పట్నం నష్టాన్ని దేశమంతా టీవీలో చూసింది. మన్యంలో సిల్వర్ ఓక్ చెట్లు కాఫీ తోటల మీద కూలాయి. దారులకు అడ్డంగా మానులు పడ్డాయి, కరెంటు పోయింది, సెల్ టవర్లు మూగబోయాయి. అప్పుడు కూడా హాంలు సాయానికి వచ్చారు. కానీ వాళ్ళు ఎక్కడి నుంచో రావాలి. దారి లేని ఊరికి బయటి హాం చేరేసరికి రోజులు గడుస్తాయి. ఆ రోజుల్లో గర్భిణి ఏమైందో, వాగు అవతల ఊరు ఉందో లేదో చెప్పే గొంతు ఊరిలోనే ఉండాలి కదా?

నాంగీ ఊరి మాస్టారు

ఇలాంటి పనిని ఆదివాసులే చేసుకున్న చోటు ఒకటుంది. నేపాల్‌లోని మ్యాగ్దీ జిల్లాలో నాంగీ అనే ఊరు. మగర్ తెగవాళ్ళ ఊరు. మగర్లను నేపాల్ ప్రభుత్వం ఆదివాసీ జనజాతుల్లో ఒకరిగా గుర్తించింది. ఆ ఊళ్ళో 1955లో పుట్టిన మహాబీర్ పున్ మనలాగే బడిపంతులు. పన్నెండేళ్ళ దాకా పాఠాలు చెప్పాడు. తర్వాత అమెరికాలోని నెబ్రాస్కాలో చదువుకుని 1990ల్లో ఊరికి తిరిగి వచ్చి, ఊరివాళ్ళతో కలిసి హిమాంచల్ హైస్కూలు నిలబెట్టాడు. పాత కంప్యూటర్ల విడిభాగాలను చెక్కపెట్టెల్లో అమర్చి పిల్లలకు నేర్పాడు. ఊరికి ఫోను లేదు. రోడ్డు చేరాలంటే రోజంతా నడవాలి.

2002 ప్రాంతంలో ఆయన, విదేశాల నుంచి వచ్చిన స్వచ్ఛంద కార్యకర్తలు, ఊరి యువకులు కలిసి వైఫై పరికరాలతో కొండ నుంచి కొండకు మాట పంపే ప్రయత్నం మొదలుపెట్టారు. వైఫై అంటే గదిలో పనిచేసేదని అందరూ అనుకునే కాలం అది. స్తంభానికి డబ్బు లేక చెట్ల మీద యాంటెన్నాలు కట్టారు. టీవీ డిష్‌లను యాంటెన్నాలుగా మార్చుకున్నారు. సుమారు 3,300 మీటర్ల ఎత్తున్న మొహరే డాండా కొండ మీద రిలే స్టేషను పెట్టి పోఖరా పట్నంతో ఊళ్ళను కలిపారు. కరెంటు సూర్యుడి నుంచీ గాలి నుంచీ తీసుకున్నారు. అప్పుడు నేపాల్‌లో మావోయిస్టులకూ ప్రభుత్వానికీ మధ్య యుద్ధం జరుగుతోంది. వైర్‌లెస్ పరికరం కనిపిస్తే రెండు వైపులా అనుమానమే. ఆ కాలంలో ఈ పని చేయడం ఎంత సాహసమో మన ప్రాంతంవాళ్ళకు విడమరచి చెప్పనక్కర్లేదు.

ఆ దారిలో ఊళ్ళ ఆరోగ్య కేంద్రాలు పట్నం డాక్టర్లతో మాట్లాడాయి. ఒక బడి మాస్టారు చెప్పిన పాఠం ఇంకో బడి విన్నది. రైతులు బర్రెల ధరలు, జడల బర్రెల ధరలు కనుక్కున్నారు. 2007లో ఆయనకు రామన్ మెగసెసే అవార్డు వచ్చింది.

సాంకేతికంగా అది హాం రిపీటరు కాదు. కానీ కొండ మీద అందుకుని అవతలికి అందించే పని అదే, మంచు, పిడుగు, బ్యాటరీ అనే కష్టాలూ అవే. మనం గమనించాల్సింది ఇంకొకటి. ఆ యంత్రాలు ఆగితే సరిచేయడానికి ఊరి కుర్రాళ్ళకే శిక్షణ ఇచ్చారు. బయటినుంచి వచ్చిన స్నేహితులు వెళ్ళిపోయాక కూడా పని సాగింది అందువల్లే.

కొండ ఎవరిది?

మనకు కొండ ఖాళీ జాగా కాదు. అక్కడ దేవత ఉంటుంది, పండుగ జరుగుతుంది, చనిపోయిన పెద్దలు ఉంటారు. బయటివాళ్ళకు అది ఎత్తు మాత్రమే. అమెరికాలో అరిజోనాలోని మౌంట్ గ్రాహం అపాచీ ఆదివాసులకు పవిత్రమైనది. అక్కడ టెలిస్కోపులు కట్టవద్దని వాళ్ళు ఏళ్ళ తరబడి పోరాడారు, అయినా కట్టారు. ఒడిశాలో నియమగిరి మీద గనుల కోసం 2013లో గ్రామసభలు పెడితే డోంగ్రియా కోందుల 12 ఊళ్ళూ వద్దన్నాయి, గని ఆగింది.

రేడియో స్తంభం గని లాంటిది కాదు. కానీ అడిగి పెట్టడానికీ అడగకుండా పెట్టడానికీ తేడా ఉంది. 1996 నాటి పెసా చట్టం గ్రామసభకు గొంతు ఇచ్చింది. 2006 అటవీ హక్కుల చట్టం 3(2) సెక్షన్ ప్రకారం బడి, ఆసుపత్రి, విద్యుత్, టెలిఫోన్ లైన్ల లాంటి ప్రభుత్వ సౌకర్యాలకు ఒక్కోదానికి హెక్టారు లోపు అటవీ భూమి ఇవ్వవచ్చు, హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టకూడదు, గ్రామసభ సిఫారసు ఉండాలి. ఆ సిఫారసు రాసే రోజున ఊరు కొన్ని షరతులు అడగవచ్చు. దేవత ఉన్న చోటు వదిలి పక్కన కట్టండి. నిర్వహణ పని మా పిల్లలకు నేర్పండి. తాళంచెవి ఒకటి ఊళ్ళో ఉంచండి.

బడిలో ఏం చేయవచ్చు?

2020లో బళ్ళు మూతపడ్డప్పుడు సిగ్నల్ కోసం కొండెక్కిన పిల్లలను మనం చూశాం. డిపోలో బియ్యానికి వేలిముద్ర వేయాలంటే సిగ్నల్ దొరికే గుట్టకు నడిచిన ముసలివాళ్ళను చూశాం. హాం రేడియో వాటికి మందు కాదు. దాని మీద వ్యాపారం మాటలు, రాజకీయ ప్రచారం కుదరవు, రహస్య భాష కుదరదు. అది నేర్చుకునే బడి, ఆపద నాటి గొంతు. అంతవరకే.

లైసెన్సుకు 12 ఏళ్ళు నిండితే చాలు. కేంద్ర టెలికాం శాఖ పెట్టే పరీక్షలో రేడియో సిద్ధాంతం, నియమాలు అడుగుతారు. మొదటి మెట్టు రిస్ట్రిక్టెడ్ గ్రేడు. జనరల్ గ్రేడుకు నిమిషానికి 8 మాటల వేగంతో మోర్స్ కూడా రావాలి. ఓం నియమం, తరంగ పొడవు, బ్యాటరీ, అయస్కాంతం, ఇవన్నీ మన ఉన్నత పాఠశాల పాఠాల్లో ఉన్నవే. సైన్సు మాస్టారు ఆదివారం ఒక గంట కేటాయిస్తే తొమ్మిదో తరగతి పిల్లవాడు రాయగలడు. ఒక్క మాట గట్టిగా చెబుతున్నాం. లైసెన్సు చేతికి రాకుండా ఎవరూ సెట్టు కొనకూడదు, నొక్కకూడదు, ఎవరిదో తెచ్చి దాచకూడదు. ఎక్కడైనా అది నేరం. మన ప్రాంతంలో అది ఒక పిల్లవాడి జీవితాన్నే చెరిపేయగలదు. రిపీటరు పెట్టాలంటే దానికి వేరే అనుమతి కావాలి.

సెట్టు లేకుండానే మొదలుపెట్టే పనులు చాలా ఉన్నాయి. ఊరి కొండల ఎత్తు, వాటి చూపు దూరం లెక్కకట్టి పటం గీయించండి. మల్టీమీటరుతో బడి సోలార్ బ్యాటరీని వారం వారం కొలిచి పుస్తకంలో రాయించండి. ఎర్తు గొయ్యి ఎందుకో చూపించండి. పాత రోజుల్లో తుడుం మోత ఏ ఊరి నుంచి ఏ ఊరిదాకా వినపడేదో, ఏ కబురు ఏ దారిన వచ్చేదో తాతలను, నానమ్మలను అడిగి రాసుకు రమ్మనండి. ఆ దారులూ మనం గీసిన రేడియో పటమూ పక్కపక్కన పెట్టి చూస్తే పిల్లలకు మీరు వేరే చెప్పాల్సిన పని ఉండదు.

తుపాన్లు మళ్ళీ వస్తాయి. ఆ రోజు కొండ మీది గది తలుపు తీయడానికి ఎవరో ఒకరు పైకి నడవాలి. ఆ నడిచే మనిషికి మోయడమే కాక, మీటరు చదవడమూ వచ్చి ఉండాలని మా కోరిక. ఆ పని ఈ ఏడాది మన బళ్ళలోనే మొదలుపెడదాం.